రోబో నడవడిక నేర్వాలంటే ముందు రోబోగా నడవాలి

2024 అక్టోబరులో టెస్లా కాలిఫోర్నియాలో జరిపిన ఒక వేడుకలో ఆప్టిమస్ రోబోలు అతిథుల మధ్య తిరిగాయి, పానీయాలు అందించాయి, మాటలు కలిపాయి. వాటి వెనక మనుషులు ఉండి దూరం నుంచి సాయం చేశారని ఆ తర్వాత రోజుల్లో బయటపడింది. ఏడాది తిరిగేసరికి, 2025 అక్టోబరులో, వన్‌ఎక్స్ అనే సంస్థ నియో అనే ఇంటి రోబోకు 20 వేల డాలర్ల ధర పెట్టి బుకింగులు తెరిచింది. రోబోకు చేతకాని పని ఎదురైతే, వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకున్న కంపెనీ ఉద్యోగి ఎక్కడో కూర్చుని దాని చేత ఆ పని చేయిస్తాడు. ఇది రోబోనా, రోబో వేషంలో ఉన్న మనిషా అన్న ప్రశ్న అప్పటి నుంచి సామాజిక మాధ్యమాల్లో నలుగుతూనే ఉంది.

ఈ రభసలో ఒక సంగతి మరుగున పడింది. మనిషిని చాటున కూర్చోబెట్టి, యంత్రం తనంతట తానే పనిచేస్తున్నట్టు చూపడం కొత్త ఎత్తు కాదు. నలభై ఏళ్లకు పైగా అది పరిశోధనలో గుర్తింపు ఉన్న పద్ధతి. డిజైన్ విద్యాసంస్థల్లో ఇప్పుడది తరగతి పాఠం కూడా. రోబో బొమ్మ గీయడానికి ముందే విద్యార్థుల చేత రోబోగా నటింపజేస్తున్నారు. అట్టపెట్టెతో నమూనా కట్టించి, చాటు నుంచి నడిపించి, ఎదుటివారు ఏం చేస్తారో చూడమంటున్నారు. ఇంజినీరింగ్ చదువుకు అలవాటుపడిన కళ్లకు ఇదంతా కాలక్షేపంలా కనిపించవచ్చు. కానీ దీని వెనక గట్టి తర్కమే ఉంది, కొన్ని గట్టి చిక్కులు కూడా ఉన్నాయి.

క్లుప్తంగా

రోబో ఉద్దేశాన్ని మనుషులు పోల్చుకునేది ఆకారం కన్నా ఎక్కువగా దాని కదలికను బట్టి. ఎప్పుడు కదిలింది, ఎంత వేగంగా కదిలింది, ఎక్కడ ఆగింది అన్నవి కాగితం మీద గీసిన బొమ్మకు అందవు. అందుకే ఒంటితో, చవక సామగ్రితో చేసి చూసే పాఠాలు వచ్చాయి. చాటున మనిషి నడిపే నమూనాలు వీటిలో అత్యంత ఫలవంతమైనవి. విద్యార్థిని తప్పుదారి పట్టించే అవకాశం ఎక్కువగా ఉన్నవీ అవే.

గీతకు అందనిది

డిజైన్ చదువు గీతతో మొదలవుతుంది. కుర్చీ అయినా, నీళ్ల సీసా అయినా, మిక్సీ అయినా ముందు పదిరకాలుగా గీసి, వాటిలో ఒకటి ఎంచుకుని, మట్టితోనో ఫోముతోనో నమూనా చేస్తారు. ఈ వస్తువులు మనం కదిపితే కదులుతాయి, లేకపోతే పడి ఉంటాయి. రోబో సంగతి వేరు. అది తనంతట తాను కదులుతుంది, పైగా మనుషుల మధ్య కదులుతుంది. కదిలే ప్రతి దాని వెనకా ఒక ఉద్దేశాన్ని వెతకడం మనిషికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఈ అలవాటు ఎంత బలమైనదో 1944లోనే తేలింది. ఫ్రిట్జ్ హైడర్, మరియన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న చలనచిత్రం తయారు చేశారు. అందులో ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపులా తెరుచుకునే భాగం ఉన్న దీర్ఘచతురస్రం, అంతే. ముఖాలు లేవు, మాటలు లేవు. చూసినవాళ్లను ఏం జరిగిందో రాయమంటే, 34 మందిలో ఒక్కరు మాత్రమే త్రిభుజాలు, వృత్తాలు కదిలాయని రాశారు. మిగతా అందరికీ అందులో ప్రాణులు కనిపించాయి. పెద్ద త్రిభుజం దౌర్జన్యం చేస్తున్నట్టు, వృత్తం భయపడుతున్నట్టు తోచింది. డిజైన్ విద్యార్థికి ఇందులో ఉన్న హెచ్చరిక ఏమిటంటే, రోబోకు భావం పెట్టకపోయినా జనం ఏదో ఒక భావం అంటగడతారు. డిజైనర్ పట్టించుకోకుండా వదిలేసిన కదలిక కూడా ఎదుటివారికి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది.

తలుపు ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. వెండీ జూ, లైలా టకయామా అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మనుషులు దగ్గరకు వస్తే తనంతట తాను తెరుచుకునే తలుపును రకరకాలుగా కదిలించి చూశారు. నేరుగా తెరవడం, కాస్త తెరిచి ఆగడం, తెరవబోయి మూసేయడం, వేగం మార్చడం వంటివే ఆ తేడాలు. తలుపుకు కళ్లు లేవు, చేతులు లేవు, దానికి తెలిసిందల్లా తెరుచుకోవడం, మూసుకోవడం. అయినా దారిన పోయేవారికి ఒక కదలికలో ఆహ్వానం, మరో కదలికలో తటపటాయింపు, ఇంకోదానిలో నిరాకరణ కనిపించాయి. ఈ తేడాలన్నీ సమయంలో ఉన్నాయి, రూపంలో కాదు. తెరిచిన తలుపు బొమ్మ, ఆగి తెరిచిన తలుపు బొమ్మ కాగితం మీద ఒకేలా ఉంటాయి.

గై హాఫ్‌మన్, వెండీ జూ 2014లో రాసిన ఒక పత్రంలో దీన్ని పద్ధతిగా మలిచారు. ముందు రూపం తేల్చి, తర్వాత మోటార్లు పెట్టి, చివర్లో కదలిక సంగతి చూడడం మామూలు వరస. అలా చేస్తే మెడ తిరగాల్సిన చోట మోటారుకు చోటు ఉండదు, ముందుకు వంగాల్సిన ఒంటికి కీలు ఉండదు. కదలికను మొదటి రోజు నుంచే డిజైన్‌లో భాగం చేయాలన్నది వారి వాదన. వినడానికి ఇది తేలిగ్గానే ఉంటుంది. చిక్కల్లా మొదటి రోజున కదలికను దేనితో గీయాలన్నదే.

మొదటి నమూనా మనిషి ఒళ్లే

దానికి దొరికిన అతి చవకైన సమాధానం విద్యార్థి శరీరం. మెదడుకు పని చెప్పే మేధోమథనానికి బదులు ఒంటికి పని చెప్పే ఈ అభ్యాసాలు 1990ల నుంచి డిజైన్ రంగంలో వాడుకలో ఉన్నాయి. తరగతిలో అవి ఎలా సాగుతాయో చూపే నమూనా అభ్యాసం ఒకటి ఇలా ఉంటుంది.

ఒక విద్యార్థి ఆసుపత్రి వరండాలో మందులు చేరవేసే రోబో. తలకు అట్టపెట్టె, ముందువైపు అరచేయంత కంత. మాట్లాడకూడదు, చేతులు ఊపకూడదు. నేరుగా నడవవచ్చు, నిలబడ్డచోటే తిరగవచ్చు, పక్కకు అడుగు వేయకూడదు. చక్రాల మీద నడిచే చాలా రోబోలకు ఉన్న పరిమితులు ఇవే. ఎదురుగా మరో విద్యార్థి ఫైళ్లు పట్టుకుని తొందరగా వస్తుంటాడు. ఇద్దరూ ఎదురుపడగానే ఆగిపోతారు. మనిషి ఎడమకు జరుగుతాడు, రోబో కూడా అటే తిరుగుతుంది. మనిషి కుడికి జరిగితే రోబో మళ్లీ అటే. చూసేవాళ్లు నవ్వుతారు. పెట్టెలో ఉన్న విద్యార్థికి మాత్రం నవ్వు రాదు, ఎందుకంటే తాను ఎటు వెళ్లబోతున్నదీ చెప్పడానికి తన దగ్గర ఏ సాధనమూ లేదని అతనికి అప్పుడే తెలుస్తుంది. మామూలుగా మనుషులు ఆ పని చూపుతో, భుజం వంపుతో, నడకలోని చిన్న మార్పుతో చేసేస్తారు. అవి తీసేస్తే ఏం మిగులుతుందో తెలుసుకోవడానికి అవి తీసేసిన ఒంట్లో ఉండి చూడడం కన్నా దగ్గరి దారి లేదు.

రెండు మూడు ప్రయత్నాల తర్వాత చాలామంది ఒకే ఉపాయానికి వస్తారు. దగ్గరకు వచ్చాక పక్కకు తప్పుకోకుండా, దూరంగా ఉన్నప్పుడే దారిని కాస్త ఎక్కువగా వంచడమే ఆ ఉపాయం. దారి పొడవు పెరుగుతుంది, కానీ ఎదుటివారికి ఉద్దేశం ముందే తెలుస్తుంది. రోబోటిక్స్‌లో దీనికి గణితమే ఉంది. అంకా డ్రాగన్, కెంటన్ లీ, సిద్ధార్థ శ్రీనివాస 2013లో ప్రచురించిన పత్రం రెండు గుణాలను విడదీసింది. లక్ష్యం తెలిసినవారు ఊహించగల కదలిక ఒకటి. కదలికను బట్టే లక్ష్యాన్ని పోల్చుకోగలిగేది మరొకటి. పక్కపక్కనే ఉన్న రెండు వస్తువుల్లో ఒకదాని కోసం రోబో చేయి దగ్గరి దారిలో నేరుగా వెళితే, అది దేనికోసమో చివరిదాకా తెలియదు. కాస్త వంపు తిరిగి వెళితే మొదట్లోనే తెలిసిపోతుంది. సమీకరణంగా చెబితే డిజైన్ విద్యార్థులకు తలకెక్కని ఈ తేడా, అట్టపెట్టె పెట్టుకుని నడిచాక అనుభవమై కూర్చుంటుంది.

వస్తువు చేతికందించే అభ్యాసం ఇంతకన్నా సున్నితమైనది. నీళ్ల సీసా ఒకరి నుంచి ఒకరికి అందే క్షణాన్ని నెమ్మదిగా, పదే పదే చేసి చూస్తే అందులో ఎన్ని సంకేతాలున్నాయో బయటపడుతుంది. ఇచ్చేవారి చూపు ముందు సీసా అందబోయే చోటికి వెళుతుంది. పుచ్చుకునేవారి చేయి దాన్ని అనుసరిస్తుంది. బరువు అటు మారిందని వేళ్లకు తెలిశాకే ఇచ్చేవారి పట్టు సడలుతుంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో పీఆర్‌2 అనే రోబో చేత జనానికి నీళ్ల సీసాలు ఇప్పించారు. సీసా అందబోయే చోటు వైపు రోబో తల తిప్పి చూసినప్పుడు జనం చేయి చాచడం ముందే మొదలుపెట్టారు. చేయి ఎటు వెళితే చూపు అటు, చూపు ఎటు వెళితే మనసు అటు అని మన నాట్య గురువులు తొలి పాఠాల్లోనే చెబుతారు. కూచిపూడి నేర్చుకున్న విద్యార్థి ఈ తరగతిలో ఇంజినీరింగ్ విద్యార్థి కన్నా ఒక అడుగు ముందుంటే ఆశ్చర్యపోనక్కర లేదు. రోబో కదలికల అధ్యయనంలో నాట్య శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ లాబన్ విశ్లేషణ పద్ధతిని వాడుతున్న పరిశోధకులు ఉన్నారు కూడా.

అట్ట, దారం, చిన్న మోటారు

ఒంటితో తెలిసింది వస్తువులోకి ఎక్కించడం తర్వాతి మెట్టు. ఇక్కడ డిజైన్ చదువుకు, ఎలక్ట్రానిక్స్‌కు ఉన్న బంధుత్వం గుర్తుచేసుకోవాలి. మోటార్లను, సెన్సర్లను ప్రోగ్రాముతో నడిపించేందుకు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు 2005లో ఇటలీలోని ఇవ్రేయా ఇంటరాక్షన్ డిజైన్ విద్యాసంస్థలో పుట్టింది. అంతకు ముందు అదే సంస్థలో హెర్నాండో బారగాన్ అనే విద్యార్థి తన పట్టా ప్రాజెక్టుగా చేసిన వైరింగ్ అనే వేదిక దానికి పునాది. సర్క్యూట్లు తెలియని డిజైన్ విద్యార్థుల కోసం చేసిన సాధనాన్ని ఆ తర్వాత ఇంజినీర్లు, బడిపిల్లలు, రైతులు అందరూ అందిపుచ్చుకున్నారు.

ఈ బోర్డుకు చెప్పిన కోణానికి తిరిగి ఆగే, తొమ్మిది గ్రాముల చిన్న సర్వో మోటారు తగిలించి, దానికి అట్టతో చేసిన తల అతికిస్తే అదే రోబో. ఇంత చిన్న సామగ్రిలో పాఠం ఎక్కడుందంటే, మోటారు వేగంలో. ఈ రకం సర్వో 60 డిగ్రీలు తిరగడానికి సెకనులో సుమారు పదోవంతు పడుతుంది. 90 డిగ్రీలు తిరగమని ఒక్క ఆదేశం ఇస్తే తల రెప్పపాటులో కిర్రుమని తిరిగి టక్కున ఆగుతుంది. ఉలిక్కిపడినట్టు ఉంటుంది. అదే 90 డిగ్రీలను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక సెకను పైగా పట్టేలా తిప్పితే పరికించి చూస్తున్నట్టు ఉంటుంది. మొదట నెమ్మదిగా కదిలి, మధ్యలో వేగం పుంజుకుని, చివర్లో మళ్లీ నెమ్మదిస్తే ప్రాణం ఉన్నట్టనిపిస్తుంది. తిరగడానికి ముందు వ్యతిరేక దిశలో రెండు మూడు డిగ్రీలు వెనక్కి వెళితే ఏదో చేయబోతోందని తెలుస్తుంది. కార్టూన్ చిత్రకారులు దశాబ్దాల క్రితమే సూత్రబద్ధం చేసిన మెళకువలివి. మోటారు ఒకటే, అట్ట ఒకటే, కోణం ఒకటే. మారింది మధ్యలో గడిచిన సమయం.

ఇదే బల్ల మీద విద్యార్థికి యంత్రం మొండితనం కూడా పరిచయమవుతుంది. మోటారు కదలడం మొదలుపెట్టగానే కరెంటు ఒక్కసారిగా లాగేసరికి, బోర్డుకూ మోటారుకూ ఒకే యూఎస్‌బీ తీగ నుంచి విద్యుత్తు ఇచ్చి ఉంటే, బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. సరిగ్గా తల తిప్పాల్సిన క్షణంలో రోబో మూర్ఛపోయినట్టవుతుంది. సర్వో చేసే చప్పుడు నెమ్మదైన కదలికలోని సౌమ్యతను చెడగొడుతుంది. తెర మీది యానిమేషన్‌లో ఈ బాధలేవీ ఉండవు. అక్కడ నేర్చిన కదలిక ఇక్కడికి వచ్చేసరికి సగం తేలిపోవడానికి కారణం అదే.

నాడీశాస్త్రవేత్త వాలెంటినో బ్రైటెన్‌బెర్గ్ 1984లో ప్రతిపాదించిన ఊహా వాహనాలు ఈ దశలో మంచి అభ్యాసం. రెండు చక్రాలు, రెండు వెలుతురు సెన్సర్లు ఉన్న బండి అది. ఎడమ సెన్సర్‌ను ఎడమ చక్రానికి, కుడి సెన్సర్‌ను కుడి చక్రానికి కలిపితే, వెలుతురు వైపున్న చక్రం ఎక్కువ తిరిగి బండి దీపం నుంచి పక్కకు మళ్లిపోతుంది. తీగలను అడ్డంగా మార్చి కలిపితే దీపం మీదికి దూసుకెళుతుంది. చూసేవాళ్లు మొదటిది పిరికిది అంటారు, రెండోది కోపిష్టిది అంటారు. లోపల ఉన్నది రెండు తీగలు. సంక్లిష్టమైన నడవడికకు సంక్లిష్టమైన బుర్ర ఉండాలన్న అపోహ దీంతో వదులుతుంది.

ఖరీదైన రెడీమేడ్ రోబోలతో నేర్పడం కన్నా ఇది మెరుగని చెప్పడానికి బలమైన కారణం ఉంది. కొన్న రోబోకు కదలికలు ముందే అమర్చి ఉంటాయి. విద్యార్థి వాటిలోంచి ఎంచుకుంటాడే తప్ప తయారు చేయడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ సుగుయిటన్, గై హాఫ్‌మన్ రూపొందించిన బ్లాసమ్ అనే రోబో ఈ రెండింటికీ మధ్య దారి చూపింది. దాని లోపలి చట్రం సాగే దారాలకు వేలాడుతుంది, పైన అల్లిన ఊలు తొడుగు ఉంటుంది. ఎవరికి వారు తొడుగు అల్లుకోవచ్చు, విప్పి మార్చుకోవచ్చు. దారాలకు వేలాడటం వల్ల చవక మోటార్ల కుదుపు కూడా మెత్తబడుతుంది. లోపాన్ని కప్పిపుచ్చకుండా రూపంలో కలుపుకున్న డిజైన్ అది.

చాటున మనిషి

నమూనా కదలడం మొదలుపెట్టాక దాన్ని బయటి మనుషుల ముందు పెట్టాలి. అప్పటికి అందులో తెలివి ఉండదు, ఉండేలా చేయాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే మనిషే చాటు నుంచి నడుపుతాడు. 1980ల తొలినాళ్లలో జె.ఎఫ్. కెల్లీ అనే పరిశోధకుడు జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ మామూలు ఇంగ్లిషును అర్థం చేసుకుంటున్నట్టు చూపుతూ వెనక తానే జవాబులిచ్చే ప్రయోగాలు చేశాడు. తెర చాటున ఉండి మాంత్రికుడిగా చలామణీ అయ్యే మనిషి ఉన్న అమెరికన్ పిల్లల కథ పేరు మీద దీనికి విజార్డ్ ఆఫ్ ఆజ్ పద్ధతి అని పేరు పడింది. తోలుబొమ్మలాటతో పోలిక వెంటనే తడుతుంది గానీ ఒక తేడా ఉంది. బొమ్మలాటలో తెర వెనక ఆటగాడు ఉన్నాడని ప్రేక్షకుడికి తెలుసు, తెలిసే ఒప్పుకుంటాడు. ఇక్కడ తెలియకపోవడమే ప్రయోగం.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన ప్రయోగం స్టాన్‌ఫర్డ్‌లో 2015లో జరిగింది. డ్రైవరు కారు సీటు ఆకారంలో ఉన్న తొడుగును ఒంటి మీద వేసుకుని కూర్చున్నాడు. బయటి నుంచి చూస్తే సీటు ఖాళీగా, కారు తనంతట తాను నడుస్తున్నట్టు కనిపిస్తుంది. కోట్ల ఖరీదు చేసే స్వయంచాలక వాహనం లేకుండానే, పాదచారులు దాని ముందు ఎలా నడుచుకుంటారో దీంతో చూడగలిగారు. చాలామంది మామూలు కారు ముందు దాటినట్టే దాటారు. తాము అడుగు వేశాక కారు ముందుకు కదలబోయినట్టు అనిపించినప్పుడు మాత్రం తడబడ్డారు. ఇదే ప్రయోగాన్ని తర్వాత మెక్సికోలోని కొలీమా పట్టణంలోనూ చేశారు.

అదే పరిశోధక బృందం చేసిన చక్రాల చెత్తడబ్బా ఇంకా సరదా అయినది. ముందు స్టాన్‌ఫర్డ్‌లో, కొన్నేళ్లకు న్యూయార్క్ నగర కూడలిలో జనం కూర్చున్న చోట్లకు అది వచ్చి ఆగేది. నడిపేది చాటున ఉన్న మనిషి. జనం చేతిలోని కాగితాలు ఊపి దాన్ని దగ్గరకు పిలిచేవారు. దానికి చెత్త కావాలని, అది చెత్త తింటోందని అనుకునేవారు. ఎక్కడైనా ఇరుక్కుంటే లేచి సాయం చేసేవారు. కాళ్లు పెట్టుకునే చిన్న పీట దగ్గరకు జరిగి వచ్చి, కాళ్లు పైన పెట్టుకోమని కదలికతోనే అడిగే ప్రయోగం మరొకటి. రమ్మని పిలవడం తేలికే. పెట్టుకున్న కాళ్లు తీయమని పీట మర్యాదగా ఎలా అడగాలి? ఆ ప్రశ్న పరీక్షపత్రంలో ఇస్తే విద్యార్థులు పేజీలు నింపుతారు. పీటను చేతిలోని రిమోటుతో నడుపుతూ ఎదుటి మనిషి ముఖం చూసినవారికే జవాబు దొరుకుతుంది.

ఇంత ఫలవంతమైన పద్ధతిలోనే అసలు ఉచ్చు కూడా ఉంది. చాటున ఉన్నది మనిషి గనుక రోబోకు మనిషి తెలివి వచ్చేస్తుంది. ఎదుటివారు విసుక్కున్నారని, నవ్వుతున్నారని, ఫోనులో ఉన్నారని నడిపేవాడికి ఇట్టే తెలుస్తుంది. అదే పనిని కెమెరా, సాఫ్ట్‌వేర్ చేయాలంటే తెలియకపోవచ్చు, ఆలస్యం కావచ్చు, తప్పు కావచ్చు. ఆ సంగతి పట్టించుకోని విద్యార్థి ఎవరూ తయారు చేయలేని రోబోను డిజైన్ చేసి, బాగా పనిచేసిందని నివేదిక రాస్తాడు. పరిశోధకులకే ఈ జాగ్రత్త తక్కువని లారెల్ రీక్ 2012లో చేసిన సమీక్ష చూపింది. ఆమె పరిశీలించిన 54 పత్రాల్లో, నడిపే మనిషికి ఇచ్చిన శిక్షణ, అతను చేసిన పొరపాట్లు, అతనికి పెట్టిన పరిమితులు వివరంగా రాసినవి తక్కువ.

విరుగుడు నడిపేవాడి కళ్లకు గంతలు కట్టడమే. రోబోలో దూరం కొలిచే సెన్సర్ ఒక్కటే ఉంటుందనుకుంటే, నడిపేవాడికి ఆ దూరం అంకె ఒక్కటే చూపాలి, మనిషిని చూపకూడదు. ప్రతి ఆదేశానికీ అర సెకనో, సెకనో ఆలస్యం కావాలనే పెట్టాలి. అయిదు సార్లలో ఒకసారి తప్పుగా వినమని చెప్పాలి. అప్పుడు ఆట రుచి తగ్గుతుంది, డిజైన్ మెరుగవుతుంది. తనకు అర్థం కాలేదని రోబో ఎలా చెప్పాలి, పొరపాటు నుంచి ఎలా తేరుకోవాలి అన్న ప్రశ్నలు అప్పుడే పైకి వస్తాయి.

నైతికత మాటకొస్తే తరగతి ప్రయోగానికీ, వాణిజ్య ప్రదర్శనకూ మధ్య గీత స్పష్టంగానే ఉంది. ప్రయోగం ముగిశాక పాల్గొన్నవారికి అసలు సంగతి చెప్పడం, వారి వీడియో వాడుకోవడానికి అనుమతి అడగడం విద్యార్థి బాధ్యత. వద్దంటే చెరిపేయాలి. ప్రదర్శనలో ఈ పని చేయకపోతే చూసినవారు యంత్రం సామర్థ్యాన్ని తప్పుగా అంచనా వేసుకుంటారు, పెట్టుబడులు కూడా ఆ అంచనా మీదే వస్తాయి.

అడుగు దూరం ఎవరి అడుగు?

రోబో మనిషికి ఎంత దూరంలో ఆగాలి? ఈ ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు ఎక్కువగా అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1966లో ఇచ్చిన కొలతలు చూపిస్తాయి. సుమారు 45 సెంటీమీటర్ల లోపు ఆత్మీయుల దూరం, 1.2 మీటర్ల దాకా వ్యక్తిగత దూరం, 3.6 మీటర్ల దాకా సామాజిక దూరం. ఇవి ప్రధానంగా అమెరికా ఈశాన్య తీరపు మధ్యతరగతి వారిని చూసి చెప్పిన కొలతలని, అందరికీ వర్తించవని హాల్ తానే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక పక్కకు పోయి అంకెలు మిగిలాయి.

పండగ ముందు రోజుల్లో విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో 1.2 మీటర్లు పాటించే రోబో ఒక్క అడుగు కూడా వేయలేదు. జనసమ్మర్దంలో ఏ దారీ సురక్షితం కాదని లెక్కకట్టి రోబో కొయ్యబారిపోయే ఈ సమస్యను పీటర్ ట్రాట్‌మన్, ఆండ్రియాస్ క్రౌజ్ 2010లోనే వివరించారు. మనుషులు అక్కడ ఇరుక్కుపోకపోవడానికి కారణం, తాము కదిలితే ఎదుటివారు కూడా సర్దుకుంటారని తెలిసి కదలడమే. రోబో లెక్కలో ఎదుటివారి సర్దుబాటు కూడా చేరాలని వారి ప్రతిపాదన. కానీ ఆ సర్దుబాటు తీరు ఊరూరికీ మారుతుంది. హైదరాబాద్‌లో రోడ్డు దాటేవారు అరచేయి వాహనాల వైపు చూపి ఆగకుండా నడుస్తారు. అది అభ్యర్థనా, ఆజ్ఞా? డ్రైవరు కొంత వేగం తగ్గిస్తాడు, దాటేవారు కొంత అడుగు పెంచుతారు, బేరం నడక మీదే తేలిపోతుంది. ఖాళీ సీటు ఉన్న కారు ముందు ఆ చేయి ఎలా లేస్తుంది, ఎంతసేపు లేచి ఉంటుంది అన్నది ఇక్కడి విద్యార్థులే ఇక్కడి వీధిలో తేల్చాల్సిన విషయం.

అభ్యంతరాలు

ఈ తరహా బోధన మీద వచ్చే విమర్శల్లో కొన్ని తీసిపారేయదగినవి కావు. మొదటిది వింతదనం. చెత్తడబ్బా మొదటిసారి వచ్చి ఆగినప్పుడు జనం మురిసిపోతారు, పదోసారికి తన్నినా తన్నవచ్చు. వారం రోజుల తరగతి ప్రయోగం ఈ రెండోదాన్ని చూడలేదు. జిబో కథ ఇందుకు సాక్ష్యం. ఎంఐటీకి చెందిన సింథియా బ్రెజీల్ నేతృత్వంలో వచ్చిన ఈ బల్ల మీది రోబో 2014లో ప్రజల నుంచి 36 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. దాని కదలికల్లోని సొగసును అందరూ మెచ్చుకున్నారు. 2017లో ఇళ్లకు చేరేసరికి, అది చేసే పనుల్లో చాలా భాగం అంతకన్నా ఎంతో చవకైన మాట్లాడే స్పీకర్లు చేస్తున్నాయి. 2019లో సర్వర్లు ఆగిపోతున్నాయని జిబో తన యజమానులకు తానే చెప్పుకోవాల్సి వచ్చింది. కదలిక ఎంత బాగున్నా ఉపయోగం లేని లోటును అది పూడ్చలేదు.

అన్ని రోబోలకూ హావభావాలు అక్కర్లేదు కూడా. ఆపిల్ పరిశోధకులు 2025లో ఒక దీపం ఆకారపు రోబోను చూపించారు. వాతావరణం ఎలా ఉందని అడిగితే అది ముందు కిటికీ వైపు తిరిగి చూసి, తర్వాత జవాబు చెబుతుంది. ఇలాంటి భావభరితమైన కదలికలు వాడేవారిని ఆకట్టుకున్నాయి, కానీ కబుర్లలో పనిచేసినంతగా పనుల్లో పనిచేయలేదని వారి అధ్యయనంలోనే తేలింది. మంచం పక్కన మందులు అందించే రోబో ముద్దుగా తల ఊపుతూ ఆలస్యం చేస్తే రోగికి చిరాకే మిగులుతుంది. కదలికకు మెరుగులు దిద్దడం నేర్చిన విద్యార్థికి దాన్ని ఎప్పుడు వదిలేయాలో కూడా నేర్పాలి.

ఇంతకన్నా పెద్ద లోటు ఒళ్లు అన్న మాటలోనే ఉంది. ఎవరి ఒళ్లు? అభ్యాసాల్లో పాల్గొనే విద్యార్థులు ఎక్కువమంది ఇరవై ఏళ్ల వయసువారు, ఆరోగ్యవంతులు, నిలబడి నడవగలిగినవారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 2019లో జరిగిన సంఘటన ఈ లోటు ఎంత దూరం వెళ్లగలదో చూపింది. వీల్‌చైర్‌లో రోడ్డు దాటుతున్న ఒక విద్యార్థిని అవతలి వైపు ర్యాంపు ఎక్కబోతే, ఆహారం చేరవేసే రోబో ఒకటి ఆ ర్యాంపు మీదే కదలకుండా నిలబడింది. సిగ్నల్ మారుతోంది, ఆమె ఇంకా రోడ్డు మీదే ఉంది. ఆమె ఫిర్యాదుతో విశ్వవిద్యాలయం ఆ రోబోల పరీక్షలను కొంతకాలం ఆపింది. రోబో నిబంధన ప్రకారమే అక్కడ ఆగి ఉండవచ్చు. నడిచేవారికి ఫుట్‌పాత్ అంచు ఎక్కడైనా ఎక్కే చోటే, చక్రాల కుర్చీకి ఆ వాలు ఒక్కటే దారి. ఆ తేడా నడిచే విద్యార్థుల నటనలో బయటపడదు. వీల్‌చైర్ అరువు తెచ్చి ఒక పూట కూర్చున్నా పూర్తిగా తెలియదు. అందుకు వీల్‌చైర్ వాడేవారే పరీక్షలో మొదటి నుంచి ఉండాలి, వారి సమయానికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి.

మన దగ్గర కుదిరేదెంత?

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. బోర్డు, సర్వో మోటార్లు, అట్ట, దారం కలిపినా ఒక బృందానికి అయ్యే ఖర్చు మామూలు ఫోను ధరలో చిన్న వంతు. తెలుగు రాష్ట్రాల్లో చోటు కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, అదే సంస్థలో స్వయంచాలక వాహనాల కోసం టిహాన్ పరీక్షా కేంద్రం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో రోబోటిక్స్ పరిశోధన ఏళ్లుగా సాగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ ఉంది. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట కళాకారులకు కీళ్ల గురించి, ఒక్క పుల్లతో ఎన్ని భావాలు పలికించవచ్చన్న దాని గురించి తెలిసింది ఏ పాఠ్యపుస్తకానికీ తీసిపోదు. వారిని ఒక పూట ఉపన్యాసానికి పిలిచి శాలువా కప్పి పంపడం కాక, సెమిస్టరు పొడవునా బోధకులుగా నియమిస్తే ఆ విద్య తరగతిలోకి వస్తుంది.

ఇరుకంతా మార్కుల దగ్గర వస్తుంది. బొమ్మలను, నివేదికలను పక్కపక్కన పెట్టి దిద్దడం తెలిసిన వ్యవస్థకు, నిన్న మధ్యాహ్నం వరండాలో రెండు నిమిషాలు జరిగి ముగిసిపోయిన ఎదురుపాటును దిద్దడం తెలియదు. వీడియో తీయించవచ్చు, కానీ విద్యార్థులు బాగా వచ్చిన ముక్కనే కత్తిరించి చూపిస్తారు. కొందరు అధ్యాపకులు పనికొచ్చే పద్ధతి ఒకటి వాడుతున్నారు. కత్తిరించని వీడియోతో పాటు, నడిపిన మనిషికి ఏ సమాచారం అందింది, అతను ఎక్కడ తప్పాడు, ఆ తర్వాత కదలికలో ఏం మార్చారు అన్న రోజువారీ నమోదు పుస్తకం అడుగుతున్నారు. మార్కులు చివరి రోబోకు కాక ఆ మార్పులకు పడతాయి. దీనికి అధ్యాపకుడు స్టూడియోలో గంటలకొద్దీ ఉండాలి, ఒక్కరి మీద అరవై మంది ఉన్న తరగతిలో అది సాగదు. డిజైన్, మెకానికల్, కంప్యూటర్ విభాగాల టైంటేబుళ్లు కలిసే గంట దొరకడం మరో ప్రయాస. ప్రయోగాలను వీధిలోకి తీసుకెళ్లాలంటే అనుమతి ఎవరు ఇవ్వాలో, పాల్గొన్నవారి అంగీకారం ఏ కాగితం మీద తీసుకోవాలో చెప్పే నైతిక సమీక్షా సంఘాలు వైద్య కళాశాలల్లో మామూలే గానీ, డిజైన్ సంస్థల్లో ఆ అలవాటు ఇంకా స్థిరపడలేదు.